కనుమ నాడు తీసిన లెక్క

(విశాఖపట్నంలో ఒక గ్రంథాలయంలో, రైల్వే బుకింగ్ ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

నమస్కారం. వెనక వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. కాగితాలంటే పెద్దగా ఏం లేవు లెండి. రెండే ఉన్నాయి. అందులో ఒకటి కిరాణా చీటీ.

నన్ను పిలిచినప్పుడు ఏం చెప్పారంటే, "మాస్టారూ, మన చుట్టుపక్కల పల్లెల్లో రైల్వే స్టేషన్లు ఉన్నాయి కదా, వాటిని జనం ఏ మాత్రం వాడుతున్నారో కాస్త చెప్పండి" అన్నారు. నేను మాస్టార్ని కాను. స్టేషన్ మాస్టర్ని అంతకన్నా కాను. బుకింగ్ క్లర్కుని. కిటికీ లోపల కూర్చుని టికెట్టు కొట్టినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ వాల్తేరు డివిజన్‌లోనే, మెయిన్ లైన్లో కొన్నాళ్ళు, కేకే లైన్లో, అంటే కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే దారిలో, కొన్నాళ్ళు. జనం ఎంత వాడుతున్నారో తెలియాలంటే పుస్తకం తెరిస్తే సరిపోతుంది అనుకుంటారు ఎవరైనా. ఆ పుస్తకంలో అంకెలు వేసింది ఈ చెయ్యే. అందుకే చెబుతున్నాను, ఆ పుస్తకాన్ని పూర్తిగా నమ్మకండి.

ఎందుకు నమ్మకూడదు? అది చెప్పాలంటే ముందు ఆ అంకె ఎలా పుడుతుందో చెప్పాలి. ఇక్కడ యాభై దాటినవాళ్ళు చాలామందే కనపడుతున్నారు. అట్ట టికెట్టు గుర్తుందా మీకు? రెండు వేళ్ళ వెడల్పున చిన్న అట్టముక్క. ఎక్కడి నుంచి ఎక్కడికి, రేటు ఎంత, ఒక నంబరు. కిటికీ లోపల ఒక చెక్క బీరువా, దాని నిండా నిలువుగా గొట్టాల్లాంటి అరలు. ఒక్కో ఊరికి ఒక్కో అర. కింద నుంచి ఒక టికెట్టు లాగడం, డేటు మెషీన్లో పెట్టి టక్కుమని కొట్టడం, కిటికీలోంచి తోయడం. ఆ టక్కు వినపడితేనే బయట నిలబడినవాళ్ళకి ధైర్యం, బండి దగ్గర్లోనే ఉందని. అంతవరకు ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు.

డ్యూటీ దిగేటప్పుడు ఏం చేస్తాం? ఒక్కో అరలో ఇప్పుడు అడుగునున్న నంబరు ఎంత, పొద్దున మొదలుపెట్టిన నంబరు ఎంత. ఇందులోంచి అది తీసేస్తే ఎన్ని టికెట్లు తెగాయో వచ్చేస్తుంది. విజయనగరానికి పద్నాలుగు, కొత్తవలసకి తొమ్మిది, వాల్తేరుకి, అంటే మన విశాఖకి, ముప్ఫై ఒకటి. కూడితే అయిపోయింది. అదే, ఈ రోజు ఈ స్టేషన్లో బండెక్కిన జనం. నేను ప్లాట్‌ఫారం మీదకి వెళ్ళి తలలు లెక్కపెట్టానా? లేదు. ఏ క్లర్కూ పెట్టడు. మధ్యలో కంప్యూటర్లొచ్చాయి, రిజర్వేషన్ లేని టికెట్లు కొట్టే యూటీఎస్ వచ్చింది, ఫోన్లో యాప్ వచ్చింది. లెక్క చాలా వేగంగా వస్తోంది. కానీ లెక్క మాత్రం అదే లెక్క. టికెట్టు ఎక్కడ తెగిందో అక్కడ మనిషి ఎక్కినట్టు.

పిల్లల టికెట్టు సంగతి చెప్పాలి, సరదాగా ఉంటుంది. అర టికెట్టుకి వేరే అట్ట ఉండేది కాదు చాలాచోట్ల. పెద్దవాళ్ళ టికెట్టు తీసుకుని మూల కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాళ్ళం. ఆ కత్తిరించిన ముక్క పారేయకూడదు. జాగ్రత్తగా దాచి లెక్కలతో పాటు పంపాలి. అది లేకపోతే అర టికెట్టు డబ్బు తేడా మన జీతంలోంచి పోతుంది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను గాలికి ముక్కలన్నీ ఎగిరిపోయాయి. నేనూ పోర్టరూ బల్ల కింద పాక్కుంటూ వెతికాం. అందుకే ఇందాక ఫ్యాను తగ్గించమన్నాను. ఆ భయం ఇంకా పోలేదు.

సరే. ఇప్పుడు చెప్పండి, ఈ లెక్కలోంచి జారిపోయేవాళ్ళు ఎవరు?

ఐదేళ్ళ లోపు పిల్లకి టికెట్టు లేదు, చంకలో పిల్లతో ఎక్కిన తల్లి ఒక్కతే. అది చిన్న విషయం, వదిలేద్దాం. రానుపోను టికెట్టు తీసుకోండి. మీరు విశాఖలో పొద్దున్నే రానుపోను తీసుకుని శృంగవరపుకోట వెళ్ళి సాయంత్రం వచ్చేశారు. ఎస్.కోటలో బండెక్కారా లేదా? ఎక్కారు. ఎస్.కోట పుస్తకంలో ఉన్నారా? లేరు. ఆ టికెట్టు విశాఖలో తెగింది.

సీజన్ టికెట్టు ఇంకా తమాషా. ఎలమంచిలి నుంచి రోజూ చదువుకోడానికి వచ్చే కుర్రాడున్నాడు. నెల సీజన్ అంటే యాభై ప్రయాణాలు కింద లెక్క. ఇరవై ఐదు రోజులు, రోజూ వెళ్ళడం ఒకటి, రావడం ఒకటి. వాడు నిజంగా యాభై సార్లు ఎక్కాడా, పరీక్షల ముందు ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాడా, అది ఎవరూ చూడరు. పోనీ ఆ సీజన్ ఎక్కడ తీసుకున్నాడు? పొద్దున ఎలమంచిలిలో పరిగెత్తి బండి పట్టుకునేవాడికి కిటికీ దగ్గర నిలబడే తీరిక ఉంటుందా? సాయంత్రం విశాఖలో తీసుకుంటాడు. దాంతో యాభై ప్రయాణాలూ విశాఖ ఖాతాలో పడ్డాయి. ఇప్పటికే పెద్దదైన స్టేషన్ ఇంకా పెద్దదైంది. ఎలమంచిలి ఆ మేరకు చిన్నదైంది.

ఇక టికెట్టే లేనివాళ్ళు. మీరు నవ్వుతున్నారు. అందరూ దొంగలు కాదండీ. కొన్ని హాల్టుల్లో, అంటే బండి ఆగే చిన్న స్టాపుల్లో, రైల్వే ఉద్యోగి ఉండడు. కమిషన్ మీద టికెట్లు అమ్మే ఏజెంటు ఉంటాడు. ఆయన కూతురి పెళ్ళికి వెళ్ళాడనుకోండి, ఆ రోజు ఆ హాల్టులో మనిషే ఎక్కలేదు, లెక్క ప్రకారం. జనం మామూలుగానే ఎక్కారు. టీటీ గారు పట్టుకుంటే "టికెట్టు ఇచ్చేవోడు లేడు బాబూ" అన్నారు. టీటీ గారూ, జనమూ, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

బొర్రా గుహలు ఎంతమంది రైల్లో వెళ్ళారు? చేతులెత్తండి. చూడండి, సగం మంది ఎత్తారు. ఇప్పుడు, తిరుగు ప్రయాణంలో బొర్రా గుహలు స్టేషన్ కిటికీలో టికెట్టు కొని బండెక్కినవాళ్ళు? ఒకటి... ఇంకెవరైనా? ఒక్కరే. అదీ సంగతి. పొద్దున విశాఖలో ఏడు కాకుండానే బండెక్కుతారు, అరకు దాకా టికెట్టు తీసుకుంటారు, బొర్రాలో దిగిపోతారు, గుహలు చూస్తారు, జీపు మాట్లాడుకుని అరకు వెళ్తారు, బస్సులోనో కారులోనో కిందకి వచ్చేస్తారు. 2017 ఏప్రిల్లో అద్దాల బోగీ, విస్టాడోమ్, వచ్చాక ఈ పద్ధతి ఇంకా పెరిగింది. మన దగ్గర స్టేషన్ లెక్క అంటే ఎక్కినవాళ్ళ లెక్క. దిగినవాళ్ళ లెక్క కాదు. బొర్రాలో బండి ఆగితే ప్లాట్‌ఫారం తిరునాళ్ళలా ఉంటుంది. పుస్తకంలో చూస్తే నిద్రపోతున్న స్టేషన్.

కేకే లైను గురించి ఇంకొంచెం చెబుతాను. చెప్పకుండా ఉండలేను, నా ప్రాణం అక్కడే ఉంది. కొత్తవలస నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా. దగ్గర దగ్గర 445 కిలోమీటర్లు. 1960లలో వేశారు. ఎందుకు వేశారు? మనుషుల కోసం కాదు. బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం ఉంది, అది జపానుకి పంపాలి, ఓడ మన విశాఖ రేవులో ఉంది. రాయి కోసం వేసిన దారి అది. మనుషులు అందులో చుట్టాలు. గూడ్సు బండి పెళ్ళికొడుకు, ప్యాసింజరు పెళ్ళికొచ్చిన దూరపు చుట్టం. ఒకటే లైను కదా, ఎదురుగా ఖనిజం బండి వస్తుంటే మన బండిని లూపులో, అంటే స్టేషన్ పక్క లైన్లో, పెట్టేస్తారు. ఇప్పుడు రెండో లైను పని నడుస్తోంది, ఆ అవస్థ తగ్గాలి.

మైదానంలో బొడ్డవర చివరి స్టేషన్. అక్కడి నుంచి బండి కొండెక్కుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు. పేర్లు వింటేనే చల్లగా ఉంటుంది నాకు. శిమిలిగుడ ఎత్తు 996 మీటర్లు. దేశంలో ఉన్న బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకి అదే ఎత్తైనదని బోర్డు ఉండేది. తర్వాత కాశ్మీర్ లైను వచ్చి ఆ పేరు పట్టుకుపోయింది. మీలో చాలామంది ఆ బోర్డు దగ్గర ఫోటో దిగే ఉంటారు. ఆ ఫోటో దిగినవాళ్ళెవరూ శిమిలిగుడలో టికెట్టు కొనలేదు, అది వేరే సంగతి.

త్యాడ చూశారా? స్టేషన్ వెనకే అడవి. నేను అక్కడ కొన్నాళ్ళు రిలీవింగ్ డ్యూటీ, అంటే సెలవులో ఉన్నవాళ్ళ బదులు డ్యూటీ, చేశాను. అడ్డాకులు మోసుకొచ్చే ఒక అమ్మ ఉండేది. అడ్డాకులు తెలుసు కదా, విస్తళ్ళు కుట్టేవి. ఆకుల్ని ఒద్దికగా పేర్చి, ఆ అడ్డ తీగ నారతోనే బిగించి కట్టిన కట్టలు. ఒక్కో కట్ట ఇంత. వాన కాలంలో ఆ తడి ఆకు వాసన ప్లాట్‌ఫారమంతా ఉండేది. ఆమెతో ఇంకో నలుగురు వచ్చేవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. తలా ఒక కట్ట. ఆమె కిటికీ దగ్గరికొచ్చి కొంగు ముడి విప్పి చిల్లర తీసి, "బాబూ, ఒకటి కొత్తవలస" అనేది. నేను కొత్తగా వెళ్ళినవాణ్ణి. "ఒకటేమిటి? ఐదుగురున్నారు కదా?" అన్నాను. ఆమె నన్నొకలా చూసింది. "ఆళ్ళు మోతకొచ్చినోళ్ళు బాబూ. ఎక్కరు. నానొక్కదాన్నే ఎల్తాను" అంది.

బండి రెండు నిమిషాలు ఆగుతుంది. ఆ రెండు నిమిషాల్లో ఐదు కట్టలూ లోపలికి పడాలి. ముందు ఆమె ఎక్కి తలుపు దగ్గర నిలబడుతుంది. కింద నుంచి ఒకరు ఎత్తడం, పైనుంచి ఆమె లాగడం. చివరి కట్ట పడేసరికి గార్డు పచ్చజెండా ఊపేస్తుంటాడు. నలుగురూ అలా చూస్తూ నిలబడి, బండి కనుమరుగయ్యాక అడవిలోకి వెళ్ళిపోయేవాళ్ళు. మర్నాడు సాయంత్రం ఆమె తిరిగి వచ్చేది, బియ్యం, ఉప్పు, కిరసనాయిలు, ఎండు చేపలు, ఇవన్నీ మళ్ళీ ఐదిళ్ళకి. నా పుస్తకంలో ఆమె ఎంత? ఒకటి. ఐదు ఇళ్ళు ఆ స్టేషన్ మీద బతుకుతున్నాయి. పుస్తకంలో ఒకటి.

అప్పటిదాకా నేను కూడా అనుకునేవాణ్ణి, టికెట్లు కాకుండా తలలు లెక్కపెడితే సరిపోతుందని. ఆమెను చూశాక ఆ నమ్మకం కూడా పోయింది. తలలు లెక్కపెడితే ఐదు వస్తుంది, కానీ ఎక్కింది ఒక్కరే. టికెట్టు లెక్కపెడితే ఒకటి వస్తుంది, కానీ స్టేషన్ వాడుకుంది ఐదిళ్ళు. ఏది రాయాలి? మీరే చెప్పండి. ఎవరైనా చెప్పగలరా? నేను మాత్రం ఒకటి అనే రాశాను. అంతకంటే రాయడానికి అందులో గడి లేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ఇన్నాళ్ళూ ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు. స్టేషన్ పేరు చెప్పను, అడక్కండి.

మెయిన్ లైన్ మీద ఒక చిన్న హాల్టు. చుట్టూ నాలుగు ఊళ్ళు. పొద్దున ఒక ప్యాసింజరు, సాయంత్రం ఒకటి. పాలవాళ్ళు, కూరగాయల ఆడవాళ్ళు, విశాఖలో మేస్త్రీ పనికి వెళ్ళే కుర్రాళ్ళు. ఒక ఏడాది పైనుంచి కాగితం వచ్చింది, ఫలానా మూడు రోజులు ఆ హాల్టులో ఎంతమంది ఎక్కుతున్నారో మనిషిని పెట్టి లెక్క తీసి పంపండి అని. ఆ మనిషిని నేనే. చూడండి, జీవితంలో ఒక్కసారి నిజంగా తలలు లెక్కపెట్టే అవకాశం వచ్చింది. తేదీలు చూశాను. భోగి, సంక్రాంతి, కనుమ.

అవును మరి. ఆ తేదీలు వేసినాయనకి సంక్రాంతి అంటే ఏమిటో తెలియదేమో, క్యాలెండర్‌లో ఆదివారాలు మాత్రం తప్పించాడు. మన ఉత్తరాంధ్రలో సంక్రాంతి అంటే ఎవరైనా ఊరు వదిలి పనికి వెళ్తారా? పనికి వెళ్ళినవాళ్ళే ఊరికి వచ్చేస్తారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. కాకే కదలనప్పుడు మేస్త్రీ కదులుతాడా? భోగి నాడు కొద్దిమంది ఎక్కారు. పండగ నాడు ఇంకా తక్కువ. కనుమ నాడు నలుగురు. ఆ నలుగురిలో ఒకాయన తాగి ఉన్నాడు, పొరపాటున ఎక్కాడేమో కూడా.

నేనేం చెయ్యాలి? "అయ్యా, ఇది పండగ, ఈ లెక్క పనికిరాదు, మళ్ళీ తీస్తాను" అని ఒక ముక్క రాయాలి. రాయలేదు. ఎందుకు రాయలేదు? చలి. పండగ పూట ఇంటికి దూరంగా ఉన్నానన్న చిరాకు. పైవాళ్ళు అడిగింది ఇచ్చేస్తే మన పని అయిపోతుంది కదా అనే బుద్ధి. మూడు అంకెలు వేసి, సంతకం పెట్టి పంపేశాను.

కొన్ని నెలలకి పొద్దుటి బండి ఆ హాల్టులో ఆగడం మానేసింది. నా లెక్క వల్లే ఆపేశారని నేను ప్రమాణం చెయ్యలేను, ఫైల్లో ఇంకా ఏమేం ఉన్నాయో నాకెవరు చూపిస్తారు? కానీ నేను పక్క స్టేషన్లో డ్యూటీలో ఉండగా ఒక కూరగాయల ఆవిడ బుట్ట నెత్తిన పెట్టుకుని, రైలు కట్ట వెంబడి నడుచుకుంటూ వచ్చింది. బుట్ట దించి, చీర కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది, "ఏటి బాబూ, మా కాడ బండాగట్లేదు? మేమేటి చేసినాం?" అని.

మేమేం చేశాం అని. దానికి నేనేం జవాబు చెప్పాలి? టికెట్టు కొట్టి ఇచ్చాను.

ఆ తర్వాత ఆ హాల్టు టికెట్లు ఇంకా పడిపోయాయి. పడిపోవా మరి? పొద్దుటి బండి లేకపోతే సాయంత్రం బండితో ఏం పని? వెళ్ళడానికి ఆటో ఎక్కినవాడు రావడానికి కూడా ఆటోనే ఎక్కుతాడు. ఇంకో రెండేళ్ళ తర్వాత ఎవరైనా ఆ పుస్తకం తెరిస్తే, "చూశారా, అప్పుడే చెప్పాం, ఇక్కడ జనం లేరు" అంటారు.

ఇది మన దగ్గరే అనుకోకండి. బ్రిటన్‌లో ఒక ప్రభుత్వ సంస్థ ఉంది, రైళ్ళు, రోడ్ల వ్యవహారాలు చూస్తుంది. అది ఏటా ఒక పట్టిక వేస్తుంది. దేశంలో ఉన్న స్టేషన్లన్నీ, రెండున్నర వేల పైచిలుకు, ఒక్కటి కూడా వదలకుండా, దేన్ని ఎంతమంది వాడారో. ఎక్కినవాళ్ళే కాదు, దిగినవాళ్ళను కూడా కలిపి. వాళ్ళదీ ఎక్కువగా టికెట్లను బట్టి కట్టిన అంచనాయే. కానీ ఎవరైనా చూడొచ్చు. ఆ పట్టిక వచ్చిన రోజు పేపర్లలో పెద్ద హడావిడి, ఈ ఏడాది అందరికంటే తక్కువమంది వాడిన స్టేషన్ ఏది అని. అందులో నార్ఫోక్ అనే పల్లె జిల్లాలో బర్నీ ఆర్మ్స్ అని ఒక స్టేషన్ ఉంది. బీడు నేల, చిత్తడి, పక్కన ఏరు. దానికి రోడ్డు లేదు. నడిచి వెళ్ళాలి, లేకపోతే పడవ మీద. 2019-20 లెక్కలో ఆ స్టేషన్‌కి వచ్చిన అంకె ఎంతో తెలుసా? 42. రోజుకి కాదు. ఏడాదికి. దేశం మొత్తానికి అదే ఆఖరు.

ఏడాదికి 42 అంటే మూసేయమనే అంటారు ఎవరైనా. కానీ ఆ ఏడాది చాలా నెలలు అక్కడ సిగ్నళ్ళు మార్చే పని జరిగింది. ఆ లైను మూసేశారు. బండే రాలేదండీ! రాని బండిని ఎవరెక్కుతారు? నాకైతే ఆ 42 చూడగానే నా కనుమ గుర్తొచ్చింది. తేడా ఏమిటంటే, అక్కడ ఆ అంకె పక్కనే కారణం కూడా రాశారు. అందరూ చదివారు. నా మూడు అంకెల పక్కన నేను "పండగ" అని రాయలేదు. మూడక్షరాల మాట.

మన దగ్గర ఈ లెక్కతో ఏం చేస్తారు? స్టేషన్‌కి తరగతి కడతారు. ఇదివరకు ఏ, బీ, సీ, డీ అని ఉండేవి, 2017లో మార్చారు. సబర్బన్ కాని, అంటే పెద్ద నగరాల లోకల్ బళ్ళవి కాని, మామూలు స్టేషన్లకి ఎన్‌ఎస్‌జీ ఒకటి నుంచి ఆరు దాకా, హాల్టులకి హెచ్‌జీ ఒకటి నుంచి మూడు దాకా. ముఖ్యంగా రెండు చూస్తారు, టికెట్ల మీద రాబడి ఎంత, ఎక్కినవాళ్ళెంతమంది. ఏడాదికి కోటి రూపాయల లోపు రాబడి, పది లక్షల లోపు జనం అయితే ఆరో తరగతి. హాల్టుల్లో ఐదు లక్షల లోపు రాబడి, లక్ష లోపు జనం అయితే అడుగు తరగతి. ఆ తరగతిని బట్టే నీళ్ళ కుళాయిలు, కూర్చునే బల్లలు, మీద రేకులు, మరుగుదొడ్డి, అన్నీ. విశాఖ స్టేషన్లో తెగిన రానుపోను టికెట్టు వల్ల ఎక్కడో కొండ మీద ఒక బల్ల తగ్గొచ్చు. నేను హాస్యానికి అనడం లేదు.

కరోనా సంగతి మీకు తెలిసిందే. 2020 మార్చిలో బళ్ళన్నీ ఆగిపోయాయి. మళ్ళీ వచ్చినప్పుడు ప్యాసింజర్లు ప్యాసింజర్లుగా రాలేదు. నంబరు ముందు సున్నా పెట్టి స్పెషల్ అన్నారు. పది రూపాయలున్న కనీస ఛార్జీ ముప్ఫై అయింది. అదే బండి, అవే బోగీలు, అదే చెక్క సీటు. ముప్ఫై. 2024 ఫిబ్రవరి ఆఖర్లో మళ్ళీ పదికి దించారు. మధ్యలో ఎన్నేళ్ళు? ఈ ఏళ్ళలో ఎంతమంది షేర్ ఆటోకి, ఎంతమంది అప్పు చేసి బైకుకి అలవాటు పడిపోయారు? పది రూపాయలు, ముప్ఫై రూపాయలు మనకి ఒకటే. ముల్లంగి కట్టలు అమ్మి నూటయాభై చేతిలో పట్టుకుని వెళ్ళేవాళ్ళకి ఒకటి కాదు. వాళ్ళు రైలు మానేస్తే స్టేషన్ పుస్తకంలో జనం తగ్గారని పడుతుంది. ఛార్జీ పెరిగిందని పడదు.

ఇంకో మాట చెప్పి ముందుకెళ్తాను. ఈ పలాస ప్యాసింజరు, రాయగడ ప్యాసింజరు, వీటి పేర్లు దేశమంతా విన్నది ఎప్పుడు? 2023 అక్టోబర్ 29, ఆదివారం సాయంత్రం, కంటకాపల్లి దగ్గర. ఆగి ఆగి వెళ్తున్న పలాస బండిని వెనక నుంచి రాయగడ బండి గుద్దింది. 14 మంది పోయారు. రెండూ ఇక్కడ, మన విశాఖలో బయల్దేరిన బళ్ళే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ లైన్లో నేను ఎన్ని టికెట్లు కొట్టి ఉంటాను... సరే. వద్దు.

వెనకనుంచి ఎవరో నర్సీపట్నం రోడ్ అంటున్నారు. చెబుతాను. పేరు నర్సీపట్నం రోడ్, దిగితే నర్సీపట్నం ఉండదు. ఇంకా ఇరవై కిలోమీటర్లకు పైనే వెళ్ళాలి. పాత రోజుల్లో పెట్టిన పేరు, ఆ ఊరికి వెళ్ళే దారి ఇక్కడ దొరుకుతుంది అని దాని అర్థం. అప్పుడు ఎడ్లబండి కట్టుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడు నర్సీపట్నంలో బస్సెక్కినవాడు తిన్నగా విశాఖ వచ్చేస్తాడు, మధ్యలో దిగి స్టేషన్‌కి వెళ్ళి రైలు కోసం ఎందుకు కూర్చుంటాడు? స్టేషన్ దగ్గర ఆగే బస్సు టైముకీ ప్యాసింజరు టైముకీ పొత్తు కుదిరితే వస్తాడేమో. కుదర్చడం ఎవరి పని? రైల్వే వాళ్ళు బస్సు మాది కాదంటారు. బస్సు వాళ్ళు రైలు మాది కాదంటారు. ఇద్దరికీ ప్రయాణికుడు ఒక్కడే.

పైగా ఇప్పుడు గీతలు కూడా మారాయి. 2022 ఏప్రిల్లో మన జిల్లా మూడయింది. అనకాపల్లి, ఎలమంచిలి అనకాపల్లి జిల్లాలోకి, అరకు, బొర్రా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. కొత్తవలస, ఎస్.కోట అంతకుముందే విజయనగరం జిల్లాలో ఉన్నాయి. రైల్వేలో చూస్తే, 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం చేసిన నిర్ణయంతో వాల్తేరు డివిజన్ రెండు ముక్కలు. కొంత విశాఖపట్నం డివిజన్, కొంత రాయగడ డివిజన్. కొత్తవలస నుంచి పైకి కేకే లైను రాయగడ వైపు రాసి ఉంది. నా మటుకు నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వాల్తేరు అన్నవాణ్ణి, ఇప్పుడు నోరు తిరగదు. అది పక్కన పెట్టండి. త్యాడలో బల్ల కావాలంటే ఇకమీద విశాఖలో అడగాలా, రాయగడలో అడగాలా? అది కనుక్కుని పెట్టుకోండి. అర్జీ తప్పు ఆఫీసుకి వెళ్తే ఏడాది పోతుంది.

ఇక ఆఖరికి వచ్చేశాను. ఈ బల్ల మీద పన్నెండు నోటు పుస్తకాలున్నాయి. నా డబ్బులతోనే కొన్నాను, ఆ కిరాణా చీటీలో ఉంది చూడండి, పప్పు కింద. మీలో అరకు బండికి పొద్దున్నే లేవగలిగేవాళ్ళు ఎవరైనా తీసుకోండి. ఒక్కొక్కరు ఒక్కో స్టేషన్లో దిగిపోండి, బొడ్డవర నుంచి అరకు దాకా ఎనిమిది ఉన్నాయి. మిగతా నాలుగూ మెయిన్ లైనుకి. నాలుగు గడులు గీశాను. ఎక్కినవాళ్ళు, దిగినవాళ్ళు, ఎక్కించడానికి వచ్చినవాళ్ళు, మోతలు. ఐదోది ఖాళీగా వదిలాను. ఆ రోజు సంతా, వానా, ఏజెంటు ఇంట్లో పెళ్ళా, ఏదుంటే అది అందులో రాయండి. ఏమీ లేకపోతే మామూలు రోజు అని రాయండి. ఖాళీగా మాత్రం వదలకండి. పెన్ను పుస్తకానికి దారంతో కట్టేశాను, ప్లాట్‌ఫారం మీద పెన్ను అడిగినవాడు తిరిగివ్వడు, నా సర్వీసంతా చూశాను.

ఎవరమ్మా అడిగింది? ఎప్పుడు వెళ్ళాలనా? పండగలు లేని వారం చూసుకోండి. మళ్ళీ నాతో కనుమ చేయించకండి.

టికెట్టు మాత్రం విశాఖలో రానుపోను తీసుకోవద్దు. ఇక్కడ వెళ్ళేదానికే తీసుకోండి. వచ్చేటప్పుడు ఆ చిన్న స్టేషన్ కిటికీ దగ్గరికి వెళ్ళి, లోపల మనిషి ఉంటే, అక్కడ తీసుకోండి. పది రూపాయలు చిల్లర ఉంచుకోండి, పాపం వాళ్ళ దగ్గర ఉండదు.